సున్నం వేయని గీత

మా ఇంట్లో బీరువా పై అరలో, అమ్మ పట్టుచీరల పక్కన, గుడ్డసంచిలో చుట్టిపెట్టిన జెండా ఒకటి ఉంది. ఎరుపూ పసుపూ గళ్ళ జెండా, మూరెడు కర్ర. పట్టుకునే చోట కర్ర చెమటకు నల్లబడి నున్నగా అయిపోయింది. నాన్న రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు కాబట్టి చూసినవాళ్ళు అది బండికి ఊపే జెండా అనుకుంటారు. కాదు. సికింద్రాబాద్ మైదానాల్లో ఆదివారం జరిగే ఫుట్‌బాల్ మ్యాచులకు ఆయన ఇరవై రెండేళ్ళు లైన్స్‌మన్‌గా ఉన్నారు. ఆ జెండా అప్పటిది.

చిన్నప్పుడు ఆయనతోపాటు నేనూ వెళ్ళేదాన్ని. మ్యాచ్ మొదలుకాకముందే ఒక ముసలాయన డబ్బాతో సున్నం పోసుకుంటూ గీతలు వేసేవాడు. పక్క గీతలు, గోల్ గీతలు, మధ్య గీత, నడుమ గుండ్రం. పొద్దుటి ఎండలో తెల్లగా మెరుస్తుండేవి. కానీ నాన్న ఆట పొడుగునా చూసిన గీత వాటిలో లేదు. దాన్ని ఎవరూ సున్నంతో వేయలేదు. అది ఒకచోట నిలవదు కూడా. డిఫెండర్లు ముందుకొస్తే వస్తుంది, వెనక్కి పోతే పోతుంది, వాళ్ళలో ఒకడు ఏమరుపాటుగా నిలబడిపోతే వాడి దగ్గరే ఆగిపోతుంది. మైదానంలో మిగతా గీతలన్నీ నేల మోస్తుంది. ఈ ఒక్క గీతను మనుషులు మోస్తారు. ఆఫ్‌సైడ్ మీద నాకున్న ప్రేమ అక్కడే మొదలైంది.

మా తరం పిల్లలకు ఆఫ్‌సైడ్ అంటే క్రికెట్ మాట, కవర్ డ్రైవ్ వెళ్ళే వైపు. అందుకే ఒక ఆదివారం ఎవరో అబ్బాయి చక్కగా గోల్ కొట్టి చేతులు చాచి పరుగెత్తుతుంటే నాన్న జెండా పైకి లేవడం చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంటికొస్తూ సైకిల్ మీద అడిగాను, "వాడు గోల్ కొట్టాడు కదా నాన్నా, ఎందుకు జెండా ఎత్తారు?" అని.

"రైలు గేటు చూశావు కదమ్మా. గేటు లేచే క్షణానికి నువ్వు ఇవతల ఉండాలి. లేచాక ఎంత దూరం పరుగెత్తినా నిన్నెవరూ అడగరు. లేవకముందే కర్ర కింద దూరి అవతలికి చేరినవాడిదే తప్పు. ఇక్కడ గేటు ఎప్పుడు లేస్తుందో తెలుసా? వాడి జట్టువాడు బంతిని తన్నిన క్షణంలో."

పుస్తకంలో ఉన్న మాట ఇంకాస్త పొడుగు. ప్రత్యర్థుల సగంలో ఉండి, బంతి కంటే ముందుండి, ప్రత్యర్థుల్లో చివరి నుంచి రెండోవాడి కంటే కూడా వాళ్ళ గోల్‌కు దగ్గరగా ఉంటే అది ఆఫ్‌సైడ్ స్థానం. చివరివాడు మామూలుగా గోల్‌కీపర్ కాబట్టి, ఆ రెండోవాడు ఆఖరి డిఫెండర్ అవుతాడు. చేతులు లెక్కలోకి రావు. త్రో ఇన్, కార్నర్, గోల్ కిక్‌ల నుంచి నేరుగా వచ్చిన బంతికి ఈ నియమం లేదు. ఆ చోట ఊరికే నిలబడితే నేరం కాదు, అక్కడి నుంచి ఆటలో వేలు పెడితే నేరం. ఇంత రాసినా నాకు మాత్రం గేటే గుర్తుంటుంది. ఎందుకంటే ఈ నియమంలో ఎక్కడ ఉన్నావన్నది సగమే, ఎప్పుడు ఉన్నావన్నది మిగతా సగం.

ఆ రెండు సగాలను ఒకే మనిషి ఎలా చూస్తాడు? బంతిని తన్నే కాలు ఒకచోట ఉంటుంది, ఆఖరి డిఫెండర్ ముప్పై గజాల అవతల ఉంటాడు. రెండు కళ్ళూ రెండు చోట్లకు పోవు. నాన్న చెప్పిన కిటుకు నేను ఎన్నటికీ మరిచిపోలేను. కన్ను గీత మీద ఉంచాలి, చెవి బంతి మీద ఉంచాలి. ఆయన బంతిని చూసేవారు కాదు, వినేవారు. బూటుకు బంతి తగిలిన ఆ బొద్దు చప్పుడు చెవిన పడగానే, కళ్ళ ముందున్న దృశ్యాన్ని మనసులో అచ్చు వేసుకునేవారు. ఆ అచ్చును చూసి తీర్పు. జనం ఎక్కువగా అరిచే ఫైనల్ మ్యాచులంటే అందుకే ఆయనకు భయం.

ఒక తప్పు గురించి ఆయన ఇప్పటికీ చెబుతారు. ఏదో కప్పు మ్యాచులో ఆఖరి నిమిషాల్లో జెండా ఎత్తారు, గోల్ పోయింది, ఆ కుర్రాళ్ళు ఓడిపోయారు. రాత్రి పడుకున్నాక తెలిసిందట, తాను ఆఖరి డిఫెండర్‌కు సూటిగా లేనని, గోల్ వైపు ఒక అడుగు ముందుకు జరిగి ఉన్నానని. ఫార్వర్డ్ డిఫెండర్‌కు అవతలి పక్క ఉన్నాడు. అలాంటప్పుడు చూపు ఏటవాలుగా పోతుంది, సమానంగా ఉన్నవాడు కూడా ముందున్నట్టే కనిపిస్తాడు. 2000 సంవత్సరంలో డచ్ పరిశోధకులు నేచర్ పత్రికలో రాసిన వ్యాసం సరిగ్గా ఇదే చెప్పింది: లైన్స్‌మన్ తప్పుల్లో చాలావాటికి కారణం అజాగ్రత్త కాదు, నిలబడ్డ చోటు నుంచి వచ్చే చూపు వాలు. ఆ సంగతి ఆయనకు చదివి వినిపించాను. "అయినా ఆ పిల్లలు ఓడిపోయారు కదమ్మా" అన్నారు.

ఇంత కష్టమైన నియమం అసలు ఎందుకు పెట్టుకున్నారని వెతుక్కుంటూ పోతే ఇంగ్లండ్‌లోని ఈటన్ బడిపిల్లల దగ్గర తేలాను. పంతొమ్మిదో శతాబ్దం నడుమ వాళ్ళు ఆడుకున్న ఆటలో ప్రత్యర్థుల గోల్ దగ్గర ముందే చేరి బంతి కోసం కాచుక్కూర్చోవడానికి 'స్నీకింగ్' అని పేరు. మన మాటలో నక్కి ఉండటం. 1847 నాటి వాళ్ళ నియమాల్లోనే అది తప్పుగా ఉంది. ఆ మాటలో నాకు పిల్లల న్యాయం వినిపిస్తుంది: మేమందరం బురదలో పడి కుమ్ములాడుతుంటే, నువ్వొక్కడివే చెట్టు కింద తీరిగ్గా నిలబడి పండు రాలగానే ఏరుకుంటావా?

1863లో లండన్‌లో ఫుట్‌బాల్ అసోసియేషన్ పెట్టుకున్న పెద్దమనుషులు ఆ న్యాయాన్ని మరీ గట్టిగా పట్టుకున్నారు. బంతి కంటే ముందున్నవాడు ఎవడైనా ఆటలో లేనట్టే. అంటే ముందుకు పాస్ ఇవ్వడమే కుదరదు. ఒకడు బంతిని తోసుకుంటూ పోవాలి, మిగతావాళ్ళు వాడి వెనక గుంపుగా పరుగెత్తాలి. మూడేళ్ళకు, 1866లో, కాస్త సడలించారు: ఎదుట ప్రత్యర్థులు ముగ్గురుంటే ముందున్నవాడికి కూడా బంతి ఇవ్వొచ్చు. ఆ సందులోంచి పాస్ పుట్టింది. ఒకడి బలం మీద నడిచే ఆట ఇద్దరి నడుమ నమ్మకంగా మారింది. నన్నడిగితే ఫుట్‌బాల్ పుట్టినరోజు 1863 కాదు, 1866.

ముగ్గురనే ఆ అంకె దాదాపు అరవై ఏళ్ళు నిలిచింది. దాన్ని అందరికంటే బాగా చదువుకున్నవాడు న్యూకాజిల్ జట్టుకు ఆడిన ఐర్లండ్ ఫుల్ బ్యాక్ బిల్ మెక్‌క్రాకెన్. అప్పట్లో గోల్‌కీపర్ కాక వెనక ఉండేది ఇద్దరు ఫుల్ బ్యాకులు. వాళ్ళలో ఒకడు నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, వాణ్ణి దాటి నిలబడ్డ ఫార్వర్డ్ ఎదుట ఇద్దరే మిగులుతారు. ఆఫ్‌సైడ్. ఒకవేళ అంచనా తప్పినా రెండో ఫుల్ బ్యాక్ వెనక కాపలా ఉండనే ఉన్నాడు. ఇలా వేసేవాడికి నష్టమే లేని వల అది. 1907లో సొంత సగంలో ఆఫ్‌సైడ్ తీసేసినా వల చిరగలేదు. ఆటంతా మధ్య గీతకు అటూ ఇటూ ఇరుకు పట్టీలో ఇరుక్కుపోయి, ఈలలతో ఆగి ఆగి నడిచేది. న్యూకాజిల్ స్టేషన్‌లో రైలు దిగిన ఒక జట్టు ఆటగాడు గార్డు ఈల విని "అప్పుడే ఆఫ్‌సైడా!" అన్నాడని అక్కడివాళ్ళు కథగా చెప్పుకునేవారట. రైల్వే మనిషి కదా, నాన్నకు ఆ కథంటే ప్రాణం.

1925 జూన్‌లో ముగ్గురిని ఇద్దరు చేశారు. మైదానం కొలత మారలేదు, బంతి మారలేదు, మారింది ఒక్క అంకె. ఇంగ్లిష్ లీగ్ నాలుగు విభాగాల్లో కలిపి 1924–25లో 4,700 గోల్స్ పడితే, మరుసటి ఏడు అన్నే మ్యాచుల్లో 6,373 పడ్డాయి. ఇంకో రెండేళ్ళకు ఎవర్టన్ సెంటర్ ఫార్వర్డ్ డిక్సీ డీన్ ఒక్కడే లీగ్‌లో 60 గోల్స్ కొట్టాడు. ఇప్పుడు ఫుల్ బ్యాక్ ఒక అడుగు ముందుకు వేసి అంచనా తప్పితే వెనక గోల్‌కీపర్ తప్ప దిక్కులేదు. వల వేసేవాడు తన మెడ కూడా అందులో పెట్టాల్సిందే. అక్కడి నుంచి ఆఫ్‌సైడ్ వల ధైర్యవంతుల పని అయింది, అందుకే చూడటానికి అందమైంది.

ఆ వేసవిలోనే హెర్బర్ట్ చాప్‌మన్ ఆర్సెనల్‌కు మేనేజర్‌గా వచ్చారు. అక్టోబర్ 3న న్యూకాజిల్‌లో 7–0తో చిత్తుగా ఓడారు. ఆ ఓటమి తర్వాత చార్లీ బుకన్ అనే సీనియర్ ఆటగాడు పట్టుబట్టాడు: నడుమ తిరిగే సెంటర్ హాఫ్‌ను వెనక్కి పిలిచి ఇద్దరు ఫుల్ బ్యాకుల మధ్య నిలబెట్టాలి అని. చాప్‌మన్ ఒప్పుకున్నారు. తర్వాతి మ్యాచ్ వెస్ట్ హామ్ మీద 4–0తో గెలిచారు. అలా స్టాపర్ అనే కొలువు పుట్టింది. అతను వెనక్కి పోవడంతో నడుమ ఖాళీ పడింది, దాన్ని నింపడానికి ఫార్వర్డుల్లో ఇద్దరు కిందికి దిగారు. పైనుంచి చూస్తే ఆటగాళ్ళు డబ్ల్యూ, ఎమ్ అక్షరాల్లా కనిపిస్తారని ఆ కూర్పుకు డబ్ల్యూ–ఎమ్ అని పేరొచ్చింది. చాలా దేశాలు పాతికేళ్ళకు పైగా అలాగే ఆడాయి. ఇంట్లో మంచం జరిపితే బీరువా జరపాలి, బీరువా జరిపితే తలుపు తెరుచుకోదు, నియమంలో ఒక అంకె మార్చినా అంతే.

తర్వాత ఒక తెలివైనవాడు ఎదురు ప్రశ్న వేశాడు. స్టాపర్ ఉన్నది సెంటర్ ఫార్వర్డ్‌ను ఆపడానికి కదా, మరి ఆ సెంటర్ ఫార్వర్డ్ గీత దగ్గరికే రాకపోతే? 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ ఆటగాడు హిదెగ్‌కుటి సెంటర్ ఫార్వర్డ్ చొక్కా వేసుకుని వెనక నడుమ భాగంలో తిరుగుతూ ఉండిపోయాడు. ఇంగ్లండ్ స్టాపర్ అతని వెంట వెళ్తే వెనక గీత చిరుగుతుంది, వెళ్ళకపోతే అతను స్వేచ్ఛగా తిరుగుతాడు. హిదెగ్‌కుటి మూడు గోల్స్ కొట్టాడు, హంగరీ 6–3తో గెలిచింది. గీతను దాటడానికి ముందుకు పరుగెత్తడం ఒక్కటే దారి కాదని, వెనక్కి జరిగితే ఎదుటివాళ్ళే గీతను చెరుపుకుని వస్తారని ఆ మధ్యాహ్నం తెలిసింది.

ఆ రోజుల్లోనే మన హైదరాబాద్‌లో ఇలాంటి ఆలోచనలు చేస్తున్న ఒక బడిపంతులు ఉన్నారు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన చేతికింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. దేశమంతా డబ్ల్యూ–ఎమ్ పట్టుకుని ఉన్న కాలంలో వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు అనే కూర్పును మనకు అలవాటు చేసింది ఆయనే. వెనక ఇద్దరికి ముగ్గురయ్యారు, ముగ్గురికి నలుగురయ్యారు, గీత మైదానం ఈ చివరి నుంచి ఆ చివరిదాకా సాగింది. మా పెదనాన్న రహీం సాబ్ పేరెత్తితే కుర్చీలో నిటారుగా కూర్చునేవారు.

రహీం చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది 1962 జకార్తా ఆసియా క్రీడల్లోది. మన స్టాపర్ జర్నైల్ సింగ్‌కు థాయ్‌లాండ్‌తో మ్యాచులో తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, వెనకా నిలబెట్టలేదు. సెమీఫైనల్లో, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. రెండింటిలోనూ అతను గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్లో దక్షిణ కొరియా మీద పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి, 2–1తో బంగారు పతకం. రహీం మనసులో ఏముందో మనకు తెలియదు గానీ నాకు తోచేది ఇది. ఏళ్ళ తరబడి గీతను కాసినవాడికి అది ఎక్కడ చిరుగుతుందో లోపలి నుంచి తెలుసు. డిఫెండర్ ఎప్పుడు తల తిప్పుతాడో, ఎప్పుడు పక్కవాడి మీద భారం వేసి ఊపిరి తీసుకుంటాడో తెలుసు. ఆ బంగారం గెలిచిన తొమ్మిది నెలలకే, 1963 జూన్‌లో, రహీం క్యాన్సర్‌తో పోయారు. ఆయన నడిచిన ఈ నగరంలో ఇప్పుడు ఎన్ని మైదానాల్లో గోల్ స్తంభాలు మిగిలాయో లెక్కపెట్టాలంటే నాకు చేతులు రావు.

గీతను ఒక కళగా చేసింది మాత్రం ఇటలీలో ఏసీ మిలాన్ కోచ్ అరీగో సాక్కీ అంటాను. 1980ల చివరి సంగతి. టసోటీ, కోస్టాకుర్టా, బరేసి, మాల్దీని, ఈ నలుగురూ ఒకే తాడుకు కట్టినట్టు కదిలేవారు. మా ఊళ్ళో చెడుగుడు ఆడేటప్పుడు కూతకొచ్చినవాణ్ణి పట్టడానికి పిల్లలు చేతులు కలిపి గొలుసు కడతారు. ఒకడి చెయ్యి జారితే గొలుసంతా పోతుంది. ఇదీ అంతే, కాకపోతే ఇక్కడ చేతులు పట్టుకోకూడదు, చూపుతోనే కలుపుకోవాలి. సాక్కీ కోరింది తన ఆఖరి డిఫెండర్‌కూ సెంటర్ ఫార్వర్డ్‌కూ నడుమ 25 మీటర్లకు మించి ఎడం ఉండకూడదని. నూరు మీటర్లకు పైగా పొడుగున్న మైదానాన్ని ఒక పెద్ద పెళ్ళిపందిరంత చేసి అందులోనే ఎదుటివాళ్ళను ఊపిరాడకుండా ఆడించారు. అది సాధ్యమైంది ఆఫ్‌సైడ్ ఉండబట్టే. గీత ముందుకొస్తే ప్రత్యర్థి ఫార్వర్డులు కూడా దానితోపాటు వెనక్కి రాక తప్పదు. అంటే ఎదుటి జట్టు ఎక్కడ నిలబడాలో కూడా మన నలుగురే నిర్ణయిస్తారు.

జట్టులో పేరున్న ఫార్వర్డులకు ఇదంతా మొదట్లో నమ్మకం కుదరలేదు. సాక్కీ ఒక పందెం పెట్టారు. గోల్‌కీపర్, ఆ నలుగురు, మొత్తం అయిదుగురు ఒకవైపు. ఎదుట పదిమంది, ఇష్టమొచ్చినట్టు దాడి చేయొచ్చు. పదిహేను నిమిషాల్లో ఒక్క గోల్ కొట్టండి అన్నారు. పదిమందిలో గుల్లిట్, వాన్ బాస్టెన్ లాంటివాళ్ళున్నారు. ఎన్నిసార్లు ఆడినా కొట్టలేకపోయారు. బరేసి కుడిచెయ్యి ఎత్తి అడుగు ముందుకు వేసే పాత వీడియోలు నేను ఇప్పటికీ చూస్తుంటాను. అతను పెద్ద పొడగరి కాదు. ఆ చెయ్యి లేవడంలో అరుపు లేదు, కోపం లేదు. పక్క ముగ్గురూ వచ్చేశారని వెనక్కి చూడకుండానే తెలిసిన మనిషి నెమ్మది ఉంది.

ఆ గీతలు అంత గట్టిపడ్డాక ఆట మళ్ళీ బిగుసుకుపోయింది. 1990 ప్రపంచ కప్‌లో 52 మ్యాచుల్లో 115 గోల్సే. ఆ ఏడే నియమం మళ్ళీ ఒక వెంట్రుకవాసి కదిలింది: ఆఖరి డిఫెండర్‌కు సమానంగా ఉన్నవాడు ఇకపై ఆఫ్‌సైడ్ కాదు. అనుమానం వస్తే ఫార్వర్డ్ పక్షాన నిలబడాలన్న స్వభావం అప్పటి నుంచి నియమంలో పెరుగుతూ వచ్చింది. జెండా ఎత్తడానికి తొందరపడకూడదు, బంతి ఎవరి దగ్గరికి పోతుందో చూసి ఎత్తాలి అని లైన్స్‌మన్‌లకు నేర్పారు. నాన్నకు అది అలవాటు కావడానికి ఒక సీజన్ పట్టింది.

2022 నవంబర్ 22, మంగళవారం. మన టైము మూడున్నరకు ఆట. నాన్నా, నేనూ, మా అమ్మాయీ టీవీ ముందు కూర్చున్నాం. ఖతర్ ప్రపంచ కప్, అర్జెంటీనా, సౌదీ అరేబియా. అర్జెంటీనా అప్పటికి 36 మ్యాచుల్లో ఓడలేదు. పదో నిమిషంలోనే మెస్సి పెనాల్టీ గోల్. సౌదీ డిఫెండర్లు ఎంత భయపడి వెనక్కి పోతారో అనుకున్నాను. పోలేదు. మధ్య గీతకు దగ్గరగా వచ్చి నిలబడ్డారు. వెనక ఎకరాల ఖాళీ, ముందు మెస్సి. కోచ్ హెర్వె రెనార్ పెట్టిన పందెం అది. మెస్సి ఒకసారి, లౌటారో మార్టినెజ్ రెండుసార్లు బంతిని వలలో వేశారు. మూడుసార్లూ ఆఫ్‌సైడ్. మొదటి సగంలోనే ఏడుసార్లు అర్జెంటీనా వాళ్ళు గీత దాటి దొరికారు. రెండో సగం మొదలైన ఎనిమిది నిమిషాల్లో అల్ షెహ్రి, అల్ దౌసరి గోల్స్‌తో సౌదీ 2–1తో ముందుకెళ్ళింది, అలాగే గెలిచింది. అవతలివాళ్ళు ఎంత గొప్పవాళ్ళైనా నలుగురు మనుషులు ఒకరినొకరు నమ్ముకుని ఒక అడుగు ముందుకు వేస్తే ఏమవుతుందో ఆ సాయంత్రం చూశాను. ఆనందంతో నాకు కళ్ళు చెమర్చాయి.

ఆ ఆఫ్‌సైడ్‌లను పట్టడానికి వాడిన యంత్రం గురించి మా అమ్మాయి తాతయ్యకు చెప్పింది. స్టేడియం కప్పు కింద పన్నెండు కెమెరాలు. ఒక్కో ఆటగాడి ఒంటి మీద 29 చోట్లను సెకనుకు 50 సార్లు గమనిస్తాయి. బంతి లోపల ఒక పరికరం, అది సెకనుకు 500 సార్లు కబురు పంపుతుంది, ఎవరు ఎప్పుడు తన్నారో తెలియడానికి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "కెమెరాలు కళ్ళు. బంతిలోది చెవి. సెకనుకు అయిదువందలసార్లు వింటుందా!" ఆ గొంతులో అసూయ లేదు. తను పడ్డ కష్టం అసలు ఏమిటో ఎవరో సరిగ్గా అర్థం చేసుకున్నారన్న తృప్తి ఉంది. ఆ పిల్లల గోల్ గుర్తొచ్చిందేమో కూడా.

యంత్రం నిజం చెబుతుంది, అది మంచిదే. కానీ చంక, భుజం, బొటనవేలు గీత దాటాయని గోల్ తీసేసినప్పుడు నాకు ఈటన్ పిల్లలు గుర్తొస్తారు. నక్కి ఉన్నవాణ్ణి ఆపడానికి పుట్టిన నియమం, పరుగెత్తుతున్నవాడి వేలిగోరును కొలుస్తోంది. దీనికి ఆర్సెనల్ పాత మేనేజర్ ఆర్సీన్ వెంగర్ ఒక మందు చెబుతున్నారు: ఫార్వర్డ్ ఒంట్లో గోల్ కొట్టగలిగే ఏ భాగమైనా డిఫెండర్‌కు సమానంగా ఉంటే చాలు, ఆఫ్‌సైడ్ కాదు. వినడానికి దయగా ఉంది. నాకు మాత్రం భయంగా ఉంది. ఫార్వర్డ్‌కు ఒక ఒళ్ళంత ముందస్తు దొరికితే ఏ డిఫెండర్ ముందుకొచ్చి నిలబడతాడు? పది గజాలు వెనక్కి జరిగి గోల్ ముందు గుంపుగా కూర్చుంటాడు. గోల్స్ పెంచుదామని చేసిన పని గీతను చంపుతుంది. ఇక 2017లో వాన్ బాస్టెన్, సాక్కీ పందెంలో ఆడిన ఆ వాన్ బాస్టెనే, ఆఫ్‌సైడ్‌ను మొత్తానికే ఎత్తేస్తే ఎలా ఉంటుందని అడిగారు. ఎత్తేస్తే ఇద్దరు పొడగరి ఫార్వర్డులు గోల్‌కీపర్ పక్కనే కాపురం పెడతారు, వాళ్ళ కోసం డిఫెండర్లూ అక్కడే ఉండిపోతారు, నడుమ మైదానం బీడు పడుతుంది, బంతి దాని మీదుగా ఎగురుతుంది. వాన్ బాస్టెన్ అంటే నాకు ఎంతో ఇష్టం. ఈ ఒక్క మాటలో మాత్రం ఆయనతో ఏకీభవించలేను.

మా అమ్మాయికి పద్నాలుగేళ్ళు. బడి జట్టులో లెఫ్ట్ బ్యాక్. పోయిన నెల ఒక మ్యాచులో మిగతా ముగ్గురూ ముందుకు అడుగు వేశారు, ఇది వేయలేదు. అడుగున్నర వెనక ఉండిపోయింది. ఆ అడుగున్నర వల్ల అవతలి పక్క ఎక్కడో ఉన్న ఫార్వర్డ్ ఆన్‌సైడ్ అయింది, గోల్ పడింది, ఓడిపోయారు. ఇంటికి వచ్చేదాకా ఆటోలో ఏడుస్తూనే ఉంది. "నా దగ్గర ఎవరూ లేరమ్మా, నేనేం చేశాను?" అంటుంది. నిజమే, దాని దగ్గర ఎవరూ లేరు. అదే ఈ గీతలోని కష్టం. తప్పు ఒకచోట, గోల్ ఇంకోచోట.

మరునాడు పొద్దున్నే నాన్న దాన్నీ, జట్టులోని మిగతా ముగ్గురు పిల్లలనూ కాలనీ వెనక ఖాళీ స్థలానికి రమ్మన్నారు. నన్ను మూడు చున్నీలు తెమ్మన్నారు. నలుగురినీ వరసగా నిలబెట్టి, ఇద్దరి నడుమా ఒక చున్నీ చొప్పున కొసలు చేతికిచ్చారు. ఆయన మోకాళ్ళ నొప్పితో ప్లాస్టిక్ కుర్చీలో ఒక పక్కన, వాళ్ళకు సూటిగా, కూర్చున్నారు. బంతి తన్నే పని నాది.

"చప్పుడు వినగానే ముందుకు రావాలా తాతయ్యా?" అని అడిగింది మా అమ్మాయి.

"చప్పుడు నాది తల్లీ. అది విని జెండా ఎత్తేది నేను. చప్పుడయ్యేసరికి మీ అడుగు పడిపోయి ఉండాలి. మీ అమ్మ తల వంచి కాలు వెనక్కి లాగుతుంది చూడు, అప్పుడు."

మొదటిసారి ఒక చున్నీ బిగుసుకుని చేతిలోంచి జారింది. రెండోసారి ఇంకొకటి నేలకు వేలాడింది. మూడోసారి నవ్వులు. నాలుగు, అయిదు, మా అమ్మాయి చున్నీ ప్రతిసారీ వెనక్కి లాగుతూనే ఉంది. అది పక్కకు చూడటం మానేసి నా కాలు చూడటం మొదలుపెట్టింది. ఏడోసారి నేను తన్నిన బంతి చప్పుడు విని తలెత్తి చూస్తే మూడు చున్నీలూ ఒకే సూటిలో ఉన్నాయి, బిగువూ లేదు, వేలాడటమూ లేదు. నాన్న కుర్చీలోంచి లేచి ఉన్నారు. వాళ్ళు వేసినన్ని అడుగులూ ఆయనా పక్కవాటుగా వేసేశారు, మైదానం వైపే ముఖం పెట్టి, ఆ పాత నడకతో.

"మళ్ళీ," అన్నారు.

నేను బంతి తెచ్చుకుని కాలు వెనక్కి లాగాను.